సమస్య: «వైరి మృతి విని వీరుండు వగచి యేడ్చె»

నిర్వాహకుడు:
ఈ వారం ఇచ్చినది తేటగీతి నాలుగవ పాదం. నియమం ఒక్కటే: పూరణ ఐర్లండుకు చెందిన టిరోన్ ఎర్ల్ హ్యూ ఓనీల్ (సుమారు 1550–1616) జీవితంలోనో కుటుంబంలోనో జరిగిన సంగతిని ఆశ్రయించాలి. కథ తెలియనివారి కోసం కొంత చెబుతాను. 1542లో ఇంగ్లండు రాజు నుంచి ఎర్ల్ బిరుదు పొందిన కాన్ ఓనీల్‌కు ఇతడు మనుమడు. ఆ బిరుదు కోసం, వంశ నాయకత్వం కోసం దాయాదుల మధ్య రేగిన కలహంలో ఇతని తండ్రి మాథ్యూ 1558లోను, అన్న బ్రయాన్ 1562లోను హతులయ్యారు. ఇంగ్లండు ప్రభుత్వపు అండలో పెరిగి ఆ ప్రభుత్వం మీదనే తొమ్మిదేండ్ల యుద్ధం నడిపిన ఇతడు కిన్సేల్ ఓటమి తరువాత 1603లో లొంగి, 1607లో దేశం విడిచి, రోములో మరణించాడు. ఇతని శత్రువులలో రక్తం చేతనో, పెండ్లి చేతనో, విధేయతా ప్రమాణం చేతనో ఇతనికి కట్టుబడని వారు దాదాపు కనబడరు కనుక, పైకి విరుద్ధంగా తోచే ఈ పాదానికి ఆ ఇంట్లోనే సమాధానాలు దొరకాలి.

తెనాలి సభ్యుని పూరణ:

ఆఱు దినములు మున్నె తా నసువు లుడిగె
రాణి, యెఱుఁగక యామెకు రాజభక్తి
మోకరిలి పల్కె, పిదప నా మోస మెఱిఁగి
వైరి మృతి విని వీరుండు వగచి యేడ్చె.

నిర్వాహకుడు:
యతులు చక్కగా కుదిరాయి, కథ కూడా నిజమే. ఎలిజబెత్ రాణి 1603 మార్చి 24న మరణించింది. ఆ వార్త ముందే అందిన సేనాధిపతి మౌంట్‌జాయ్ దానిని దాచిపెట్టి, మార్చి 30న మెల్లిఫాంట్‌లో, ఒకనాటి మఠమైన ఆ భవనంలో, ఓనీల్‌ను మోకాళ్ల మీద నిలిపి చనిపోయిన రాణి పేరనే లొంగుబాటు పలికించుకున్నాడు. అయితే «మున్నె» అన్నారు గాని దేనికి ముందో మొదటి పాదంలో తెలియదు, మోకరిల్లినది ఎవరో చివరి పాదం దాకా తేలదు. ఇక్కడ సమస్య పాదమే కర్తను అందిస్తుంది కనుక దీనిని పెద్ద దోషంగా లెక్కించను.

కరీంనగర్ సభ్యురాలు:
ఆర్యా, పూరణలో కన్నీటికి కారణం మోసపోయానన్న రోషంగా కనబడుతున్నది. అదొక్కటే చాలునా? మౌంట్‌జాయ్ కార్యదర్శి ఫైన్స్ మోరిసన్ వ్రాసినదాని ప్రకారం, తన ప్రభ్వి పోయిన దుఃఖంతో ఏడ్చానని ఓనీల్ చెప్పుకున్నాడు, కాని చూసినవారు ఆ మాట నమ్మలేదు. ఇంకొన్నాళ్లు ఓర్చి ఉంటే కొత్త రాజు జేమ్స్‌తో మరింత మేలైన షరతులు కుదుర్చుకునేవాడినన్న పశ్చాత్తాపమే అందులో ఎక్కువని వారి అభిప్రాయం. ఈ మూడు భావాలూ ఒక్క పద్యంలో పట్టవు గాని, ‘రాజభక్తి’ అన్న మాటలో ఎత్తిపొడుపు ధ్వనించడం నాకు నచ్చింది.

విశాఖపట్నం సభ్యుని పూరణ:

ఆలి యన్నయె తూటాకు నాహుతయ్యె;
నింట మేబెలు గుండెలో నేడ్పు పొంగ
నామె కన్నీటి వరదలో నాప్తుఁ డగుచు
వైరి మృతి విని వీరుండు వగచి యేడ్చె.

నిర్వాహకుడు:
ఎన్నుకున్న సన్నివేశం ఈ కథలోకెల్లా రసవంతమైనది, కాని దానిని కాలం అడ్డగిస్తున్నది. 1591 ఆగస్టులో, నలభై దాటిన ఓనీల్ ఇరవై ఏండ్ల మేబెల్ బాగెనల్‌ను ఆమె ఇంటివారికి తెలియకుండా తీసుకువెళ్లి, మీత్ బిషప్ చేత ప్రొటెస్టంటు పద్ధతిలో పెండ్లి జరిపించుకున్నాడు. ఆమె అన్న సర్ హెన్రీ ఐర్లండులోని ఇంగ్లండు సైన్యానికి మార్షల్. తన వంశానికి ఇది తీరని తలవంపు అని తలచిన ఆయన చెల్లెలికి రావలసిన కట్నాన్ని కూడా బిగబట్టాడు. (కట్నం తగవు మనకే సొంతమనుకునేవారు గమనించగలరు.) కాపురం కూడా సుఖంగా సాగలేదు; భర్త ఇతర స్త్రీలను చేరదీశాడని ఆమె అలిగి అన్న దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేసింది. ఆమె 1595 డిసెంబరులో మరణించింది. హెన్రీ తూటా తగిలి కూలిన యెల్లో ఫోర్డ్ యుద్ధం 1598 ఆగస్టు 14న జరిగింది. కాబట్టి ఆనాడు ఇంట మేబెల్ లేదు, ఆమెను ఓదార్చే భర్తా లేడు. దానికి తోడు, ‘ఆహుతి’, ‘అయ్యె’ అన్న పదాల నడుమ ఇకార సంధి చెల్లదు.

విశాఖపట్నం సభ్యుడు:
సవరణతో సమర్పిస్తున్నాను.

ఆలి యన్నయె తూటాకు నసువు లుడిగె;
మున్నె పోయిన మేబెలు మోము తలఁచి
పగల పాలైన బంధము పట్టి కలఁప
వైరి మృతి విని వీరుండు వగచి యేడ్చె.

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యం పూర్వరూపం కంటె ఎంతో మిన్న అయింది, ఎందుకంటే భార్య లేకపోవడమే ఇందులో కన్నీటికి కారణమయింది. ఓనీల్ ఆనాడు నిజంగా ఏడ్చాడని ఎవరూ వ్రాయలేదు. అది కవికి ఉన్న స్వేచ్ఛ. చరిత్రకు విరుద్ధంగా చెప్పడం వేరు, చరిత్ర చెప్పని చోట ఊహించడం వేరు.

నెల్లూరు సభ్యుని పూరణ:

అన్నఁ జంపిన దాయాది యంతమొందె;
లోన ముదమంది పైపైన లోకమునకు
కనుల నీరొల్క నటియించి కపటవృత్తి
వైరి మృతి విని వీరుండు వగచి యేడ్చె.

నిర్వాహకుడు:
దాయాది అంటే టర్లో లినాక్ అని గ్రహించాను. అతడు 1595లో చనిపోగానే హ్యూ టల్లీహోగ్‌లోని శిలాపీఠం మీద కూర్చుని ‘ఓనీల్’ అన్న నాయకపదవిని స్వీకరించాడు. 1602లో మౌంట్‌జాయ్ ఆ రాతిని పగులగొట్టించాడు. భావం చమత్కారంగా ఉన్నది, కాని «కనుల నీరొల్క» అన్న తరువాత మళ్లీ «ఏడ్చె» అనడం పునరుక్తి. మూడవ పాదాన్ని «కడు వినయ మూని నటియించి కపటవృత్తి» అని మార్చితే సరిపోతుంది.

కరీంనగర్ సభ్యురాలి పూరణ:

రోమునకుఁ జేరె నొక వార్త రోదనముగ:
కొడుకు హెన్రి గతించెను, గూఢముగను
సంతసించెను లండను సౌధమందు
వైరి, మృతి విని వీరుండు వగచి యేడ్చె.

తెనాలి సభ్యుడు:
‘వైరి’ని పై వాక్యానికి కలిపి విరిచిన తీరు అద్భుతం. మేమందరం శత్రువు కోసం ఎందుకు ఏడ్చాడో వెతుకుతుంటే, మీరు అసలు శత్రువు చావలేదన్నారు.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు దీనికే. విరుపు అవధానాలలో పాతదే అయినా, ఇక్కడ కథకు అతికినట్లు సరిపోయింది. వెంట వచ్చిన వారసుడు, డంగానన్ బారన్ హ్యూ, 1609లో తండ్రి కళ్ల ముందే రోములో మరణించాడు. ఫ్లాండర్స్‌లోని స్పెయిన్ సైన్యంలో ఐరిష్ దళానికి కర్నల్‌గా ఉన్న హెన్రీ 1610లో మరణించగా, ఆ కబురును తండ్రి దూరాన ఉండి వినవలసి వచ్చింది. ఓనీల్ సేనతో తిరిగి వస్తాడేమోనన్న బెంగ లండనుకు చివరిదాకా ఉన్నందున «గూఢముగను» అన్న మాట కూడా వ్యర్థపదం కాలేదు. 1607 సెప్టెంబరులో రాత్‌మల్లన్ రేవు నుంచి ఓడ ఎక్కే తొందరలో వెనుక మిగిలిపోయిన చిన్న కొడుకు కాన్ కథను ఏ పూరణా ముట్టుకోలేదు. ఆ పిల్లవాడిని ప్రభుత్వం ఈటన్ బడిలో చదివించి, తరువాత లండన్ టవర్‌లో బంధించింది. అతని మీద పూరణ వ్రాసేవారికి గడువు ఇంకా ఉన్నది.

తరువాతి సమస్య ఆటవెలది చివరి పాదం: «ఇంటి కప్పు కరఁగి యెదిరిఁ గూల్చె.» డంగానన్‌లోని తన ఇంటి కప్పు కోసమని ఓనీల్ సీసం తెప్పించుకున్న కథ తెలిసినవారికి ఇది అసలు సమస్యే కాదు.