బెర్లిన్‌లో ఉంటూ ఎస్టోనియాలో కంపెనీ: పన్ను ఎక్కడ కట్టాలి?

గోదారిగట్టు: బెర్లిన్‌లో ఉంటూ ఫ్రీలాన్స్‌గా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నానండీ. ఈ-రెసిడెన్సీ తీసుకుని ఎస్టోనియాలో కంపెనీ పెడితే, లాభం కంపెనీలోనే ఉంచినంత కాలం పన్ను సున్నా. జర్మనీకి ఎందుకు కట్టాలి?

ఓరుగల్లు: ఈ-రెసిడెన్సీ అంటే డిజిటల్ గుర్తింపు కార్డు, అంతే. మీ ఇల్లు, పని బెర్లిన్‌లోనే ఉన్నాయి కదా. కంపెనీ నిర్ణయాలన్నీ అక్కడ కూర్చుని తీసుకుంటే జర్మన్ చట్టం ప్రకారం కంపెనీ కూడా జర్మనీలో పన్ను కట్టాల్సిందే. కార్పొరేట్ పన్ను 15 శాతం, దాని మీద సర్‌చార్జి, బెర్లిన్ ట్రేడ్ ట్యాక్స్ (వ్యాపారాల మీద నగరం వేసే పన్ను) 14.35 శాతం. కలిపితే 30 శాతం దాటుతుంది.

గోదారిగట్టు: సున్నా అని వాళ్ల ప్రభుత్వ సైట్‌లోనే ఉంది. చదివే చెబుతున్నా.

కృష్ణలంక: మా ఫ్రెండ్ ఇలాగే నడుపుతున్నాడు. ఎవరూ అడగలేదు.

ఓరుగల్లు: ఆ సున్నా ఎస్టోనియా వరకే అన్నా. జర్మనీ సంగతి అందులో ఎందుకుంటుంది? ఇంకోటి, ఫ్రైబెరుఫ్లర్‌గా, అంటే స్వతంత్ర వృత్తి నిపుణులుగా, గుర్తింపు ఉన్నవాళ్లకు ట్రేడ్ ట్యాక్సే లేదు. కంపెనీ పెడితే ఆ మినహాయింపు దానికి రాదు. తగ్గించుకోబోయి పెంచుకుంటున్నారు.

గోదారిగట్టు: మీకేం, తేలిగ్గా చెబుతారు. వీసా పొడిగింపు అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి తిప్పించుకున్నారు నన్ను. రాత్రి పన్నెండింటికి పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చునేవాణ్ణి. ఆ టెన్షన్‌లో ఒక క్లయింట్ కూడా పోయాడు. వీళ్లకా నేను కట్టేది?

ఓరుగల్లు: వీసా ఆఫీసు మీద కోపం న్యాయమే. దానికీ పన్నుకీ ముడిపెట్టకండి.

గోదారిగట్టు: ముడి ఉంది! రెండేళ్లలో రాజమండ్రి వెళ్లిపోతా. ఇక్కడి పెన్షనూ నాకొద్దు. డబ్బు ఎస్టోనియాలోనే ఉంచి, ఇంటికెళ్లాక తీసుకుంటా.

ఓరుగల్లు: ఈ మాట ముందే చెప్పాల్సింది. లాభం పంచుకునే రోజున ఎస్టోనియా కూడా పన్ను పట్టుకుంటుంది, చేతికొచ్చే ప్రతి 78 యూరోలకు 22. ఇండియాలో పూర్తి రెసిడెంట్ అయ్యాక తీసుకుంటే ఆ డివిడెండ్ ఇండియా రిటర్న్‌లోనూ చూపాలి. విదేశీ కంపెనీలో వాటా కూడా ఆ రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏలో రాయాలి. ఈలోగా జర్మనీ పాత ఏళ్ల లెక్క తీస్తే బాకీ మీద నెలకు 0.15 శాతం వడ్డీ.

సీమబిడ్డ: ఎస్టోనియా రాజధాని ట్యాలిన్‌లో ఒక డైరెక్టర్‌ని పెట్టుకుంటే?

ఓరుగల్లు: నిర్ణయాలు నిజంగా ఆయనే తీసుకుంటే మాట వేరు. పేరుకు పెట్టి సంతకాలు చేయించుకుంటే లాభం లేదు.

గోదారిగట్టు: అయినా వెళ్లిపోయేవాడి దగ్గర ఇంత తీసుకోవడం అన్యాయమే. ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.