ఆదాయ అంతరాలు పెరిగితే ప్రభుత్వ సేవల మీద అసంతృప్తి కూడా పెరుగుతుందా?

వానచినుకు:
ఒక డౌట్. ధనిక, పేద తేడా ఎక్కువున్న చోట జనానికి ప్రభుత్వ ఆసుపత్రులూ బడులూ అస్సలు నచ్చవని చాలామంది అంటుంటారు. స్లొవేనియాలో గినీ సూచీ (ఆదాయ అంతరాన్ని కొలిచే అంకె, 0 అంటే అందరికీ సమానం, 1 అంటే అంతా ఒక్కరికే) 0.24 దగ్గర ఉంది, దక్షిణాఫ్రికాలో 2014లో 0.63 దగ్గర ఉండేది, రెండు చోట్లా జనం మాట ఒకేలా ఉండదని నాకూ తెలుసు. కానీ అది అంతరం వల్లా, లేక సేవలే బాగోలేకా?

లెక్కలమాస్టారు:
సేవలే బాగోలేక. బ్రిటన్‌నే చూడండి, ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) మీద సర్వేల్లో సంతృప్తి 2010లో 70 శాతం, 2023కి 24 శాతం. ఆ మధ్యలో అక్కడి గినీ పెద్దగా కదల్లేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం, ఆపరేషన్‌కి వంతు రావడం మాత్రం బాగా ఆలస్యమైపోయాయి. జనానికి కోపం వచ్చింది దానికే.

నిశాచరి:
మాస్టారూ, అంతరాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. అది పదేళ్లలో కనపడేది కాదు. డబ్బున్నవాళ్లు మెల్లగా ప్రైవేటుకి వెళ్లిపోతారు, గట్టిగా అడిగితే అధికారులు వినేది వాళ్ల మాటే కాబట్టి ఇక అడిగేవాడుండడు, పైగా మేం వాడని దానికి పన్నెందుకు కట్టాలంటారు, దాంతో బడ్జెట్ తగ్గి మిగిలినవాళ్లకి ఇంకా నాసిరకం సేవ దక్కుతుంది. చిలీలో 2019 అక్టోబరులో మెట్రో టికెట్ 30 పెసోలు పెంచితే దేశమే రోడ్డెక్కింది. 'ఇది 30 పెసోల గొడవ కాదు, 30 ఏళ్లది' అన్నారు. వాళ్ల లిస్టులో పింఛన్లు, వైద్యం, చదువు అన్నీ ఉన్నాయి.

లెక్కలమాస్టారు:
చిలీ విషయం ఒప్పుకుంటా. కానీ అక్కడ అంతకుముందు చాలా ఏళ్లుగా అంతరం కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది, గొడవ మాత్రం అప్పుడే పేలింది. దాన్నేమంటారు?

నిశాచరి:
అంతరం తగ్గితే ఆశలు పెరుగుతాయి కదండీ, అప్పుడే పిల్లల్ని చదివించుకుంటున్న కుటుంబానికి పాత సేవ సరిపోదు.

గోడమీదపిల్లి:
మీ ఇద్దరూ సర్వే ప్రశ్నని వదిలేశారు. 'సంతృప్తిగా ఉన్నారా' అంటే ఏమీ ఆశించనివాళ్లు 'ఆ, ఉన్నాం' అనేస్తారు, అసలా గడప తొక్కనివాళ్లు వార్తలు చూసి 'దండగ' అంటారు. ఈ రెండూ కలిపి సగటు తీస్తే ఏం తెలుస్తుంది, నా తలకాయ! @వానచినుకు, డేటా చూసేటప్పుడు ముందు ఆ సేవ వాడినవాళ్లని విడగొట్టండి. ఎంతసేపు ఆగారు, మందు దొరికిందా, లంచం అడిగారా అన్నవి చూసి, ఆ తర్వాత గినీ దగ్గరికి రండి.