చలిదేశంలో లెపర్డ్ గెకో: ముందు పొట్ట కింద వేడి, తర్వాతే కాల్షియం

పలాస నుంచి, ఇప్పుడు మిన్నెసోటా:

అందరికీ నమస్కారం. ఆగస్టులో చదువుకని ఇక్కడికొచ్చాను. నాకు ముందు ఈ గదిలో ఉన్నతను ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్తూ తన లెపర్డ్ గెకోని నాకిచ్చేశాడు. గాజు ట్యాంకు, ఎర్ర బల్బు, ట్యాంకు అడుగున అతికించే హీట్ మ్యాట్, సగం వాడిన కాల్షియం డబ్బా కూడా ఇచ్చాడు. గది హీటర్ 70 మీద ఉంటుంది. నాలుగు రోజులుగా అది ఏమీ తినట్లేదు, ఒక మూల అలాగే పడి ఉంటోంది. బల్లిని పెంచడమేంట్రా అని అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. దీన్ని ఎవరికో ఇచ్చేయడానికి నాకు మనసొప్పట్లేదు. ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

విజయనగరం నుంచి, మిషిగన్‌లో ఉంటాను:

తమ్ముడూ, సిరిమానోత్సవానికని ఇంటికొచ్చాను, ఇప్పుడు విజయనగరంలోనే ఉన్నాను. నీ మెసేజ్ చదువుతుంటే ఎదురుగా ట్యూబ్‌లైటు పక్కన మన ఇంటి బల్లి ఒకటి పురుగు కోసం కాచుకుని ఉంది. లేచి వెళ్ళి గోడ ముట్టుకుని చూశాను, రాత్రి తొమ్మిదైనా ఇంకా వెచ్చగానే ఉంది. ఈ బల్లికి ఎవరూ ఏమీ అమర్చక్కర్లేదు, గోడే దానికి వేడి, లైటు దగ్గరికి వచ్చే పురుగులే మేత. నీ దగ్గరున్నదానికి అక్కడ ఇవేవీ లేవు కాబట్టి అన్నీ నువ్వే పెట్టాలి, అందులో మొదటిది వేడి.

70 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 21 డిగ్రీలు. స్వెటర్ వేసుకుంటే నీకు సరిపోతుంది, దానికి సరిపోదు, ఎందుకంటే అది ఒంట్లో వేడి పుట్టించుకోలేదు, బయటి నుంచి తీసుకోవాల్సిందే. లెపర్డ్ గెకోల సొంత ఊళ్ళు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్యం వైపు రాతి నేలలు. పొద్దు గూకాక బయటికొచ్చి, పగలంతా ఎండకి కాగిన రాళ్ళ మీద పొట్ట ఆనించి పడుకుంటాయి. పాత ఇళ్ళ అరుగుల మీద నాపరాయి చూడు, ఎండ పోయి రెండు గంటలైనా కూర్చుంటే కింద వెచ్చగా తగులుతుంది, అదే దానికి కావాల్సింది. ఆ వేడి తగిలితేనే తిన్నది అరుగుతుంది, అరిగితేనే నువ్వు చల్లే కాల్షియం ఒంటికి పడుతుంది. నీ గెకో తినట్లేదంటే చాలా మటుకు చలే కారణం అయి ఉంటుంది, చోటు మారిన బెదురు కూడా కొంత ఉంటుంది. వేడి సరిచేసేదాకా బలవంతంగా ఏమీ తినిపించకు, చల్లటి ఒంట్లో మేత అరగక లోపలే పాడవుతుంది.

ట్యాంకులో ఒక చివర వేడిగా, రెండో చివర చల్లగా ఉండాలి, మధ్యలో ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది. వేడి వైపు నేల 90 నుంచి 94 (అంటే 32 నుంచి 34 సెల్సియస్), చల్లటి వైపు 70 నుంచి 77. ఈ 90 అనేది గాలిలో కాదు, దాని పొట్ట ఆనే నేల మీద. ఇది నేను నేర్చుకున్న తీరు చెప్తాను, నీకు అలా జరగకూడదనే చెప్తున్నాను. అమెరికాలో నా మొదటి చలికాలం, నేను కొన్న షాపులో మ్యాట్‌కి థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) అక్కర్లేదు, నేరుగా ప్లగ్‌లో పెట్టేయమన్నారు. గాజుకి అతికించే గుండ్రటి థర్మామీటర్ కూడా వాళ్ళే ఇచ్చారు, అది ఎప్పుడు చూసినా 82 చూపించేది, బాగానే ఉందనుకున్నాను. మూడు వారాల తర్వాత ట్యాంకు కడుగుదామని దాన్ని చేతిలోకి తీసుకుంటే పొట్ట కింద బొటనవేలి గోరంత మేర ఎర్రగా కమిలి, అంచులు పొక్కులా లేచి ఉంది. ఆ చర్మం ఎంత పల్చనంటే లోపల ఉన్న మేత నల్లగా నీడలా కనిపిస్తుంది, అలాంటి చోట కాలింది. వైరు చివర ప్రోబ్, అంటే వేడి కొలిచే చిన్న ముక్క, ఉండే థర్మామీటర్ తెచ్చి నేల మీద పెట్టి చూస్తే 118. గాజు మీది ముల్లు అప్పుడు కూడా 82 మీదే ఉంది. డాక్టరిచ్చిన మందు రోజూ రాస్తూ పుండు మానేసరికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ అది చేతికి రావడానికి భయపడేది.

అందుకే చెప్తున్నా, థర్మోస్టాట్ కొనేదాకా ఆ మ్యాట్ ప్లగ్ తీసెయ్, ఇవాళే. థర్మోస్టాట్‌ని గోడ ప్లగ్‌లో పెట్టి, మ్యాట్‌ని థర్మోస్టాట్‌లో పెట్టాలి, దాని ప్రోబ్ మ్యాట్ ఉన్న చోట ట్యాంకు లోపల నేలకి ఆనాలి. 92 మీద పెట్టి, కొన్ని గంటలు ఆగి, వేరే థర్మామీటర్‌తో సరిచూడు, ఒక్క పరికరాన్నే నమ్మకు. ఇన్‌ఫ్రారెడ్ గన్ చవకే, నేల వైపు గురిపెట్టి నొక్కితే అంకె వస్తుంది. ప్రోబ్ కదలకుండా పలకరాయి కిందకో టైలు కిందకో దూర్చు. గెకో దాన్ని లాగేసి పక్కకి పడేస్తే థర్మోస్టాట్ నేల చల్లగా ఉందనుకుని మ్యాట్‌ని కాలుస్తూనే ఉంటుంది. టేపు మాత్రం ట్యాంకు లోపల ఎక్కడా వాడకు, చర్మానికి అంటుకుంటే ఊడదీసేటప్పుడు చర్మమే వస్తుంది.

ఎర్ర బల్బు తీసెయ్. రాత్రి దానికి వెలుతురు అక్కర్లేదు, ఎరుపు కనిపించదు అనే మాట నిజం కాదు. మ్యాట్ ఒక్కటే మిన్నెసోటా జనవరికి చాలకపోవచ్చు, కాబట్టి పగటికి మామూలు తెల్ల హాలోజెన్ బల్బు వేడి వైపు పైన పెట్టు, దానికి వెలుగు తగ్గిస్తూ పెంచుతూ వేడి సరిచేసే డిమ్మింగ్ థర్మోస్టాట్ కావాలి, పన్నెండు గంటలు వెలిగించి రాత్రి ఆపెయ్. రాత్రిపూట 65 నుంచి 70 దాకా తగ్గినా ఆరోగ్యంగా ఉన్నదానికి ఇబ్బంది లేదు. గది అంతకంటే చల్లబడితే వెలుతురు లేకుండా వేడి ఇచ్చే సెరామిక్ ఎమిటర్ పెట్టుకోవచ్చు, కాకపోతే హోల్డర్ కూడా పింగాణీదే ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. వేడి రాయి అని ప్లగ్‌లో పెట్టే రాయి ఒకటి అమ్ముతారు, దాని జోలికి పోకు.

వేడి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఒక గూడు, మధ్యలో తడి గుడ్డో నాచో పరిచిన డబ్బా ఒకటి, కుబుసం విడిచేటప్పుడు దానికి తేమ కావాలి. కింద ఇసుక వద్దు, ప్రస్తుతానికి పేపర్ టవల్ పరుచు.

ఇక కాల్షియం. మనం వేసే క్రికెట్లలో, అంటే కీచురాళ్ళలో, మీల్‌వార్మ్ పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఉండాల్సింది తిరగేసి, ఫాస్ఫరస్ ఒకటైతే కాల్షియం రెండు. అది మేతలో దొరక్కపోతే ఒళ్ళు సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది, కొన్నాళ్ళకి దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి, వేళ్ళు వణుకుతాయి. ఆ వంకర తర్వాత ఎంత మందు పోసినా పూర్తిగా సరికాదు. కాల్షియం పేగుల్లోంచి ఒంట్లోకి వెళ్ళడానికి విటమిన్ డీ3 కావాలి, అది ఎండలో ఉండే యూవీబీ కిరణాలతో చర్మంలో తయారవుతుంది. కిటికీ పక్కన పెడితే సరిపోతుందనుకోకు, గాజు యూవీబీని ఆపేస్తుంది, పైగా ట్యాంకు ఎండకి ఉడికిపోతుంది. కాబట్టి తక్కువ శక్తి యూవీబీ ట్యూబ్ అయినా పెట్టాలి, లేదా డీ3 ఉన్న పౌడర్ అయినా ఇవ్వాలి.

ట్యూబ్ లేనన్నాళ్ళు నేను చేసింది ఇది: ప్రతి మేతకీ డీ3 లేని మామూలు కాల్షియం, వారంలో ఒకసారి దాని బదులు డీ3 ఉన్నది, రెండు వారాలకొకసారి మల్టీవిటమిన్. మల్టీవిటమిన్ కొనేటప్పుడు అందులో విటమిన్-ఏ రెటినాల్ రూపంలో ఉందో లేదో చూడు, బీటా కెరోటిన్ ఒక్కటే ఉంటే దీనికి సరిగా ఉపయోగపడదు, కళ్ళకీ కుబుసానికీ ఇబ్బంది వస్తుంది. మంచిది కదా అని రోజూ వేయకు, ఏ, డీ రెండూ ఒంట్లో పేరుకుపోయి విషమవుతాయి. డబ్బాకీ డబ్బాకీ డీ3 మోతాదు వేరుగా ఉంటుంది, వెనక రాసింది చదువు. అతను వదిలేసిన సగం డబ్బా ఎప్పుడు తెరిచాడో తెలియదు కాబట్టి పారేసి కొత్తది తెచ్చుకో, తెరిచాక విటమిన్లు నెలల్లోనే పోతాయి. గూట్లో చిన్న మూతలో మామూలు కాల్షియం పెట్టి ఉంచు, కావాలంటే అదే నాకుతుంది, అందులో డీ3 ఉన్నది మాత్రం పెట్టకు.

పట్టించడం ఎలాగంటే, కీచురాళ్ళని ప్లాస్టిక్ కవర్లో వేసి చిటికెడు పౌడర్ వేసి, ముంత మసాలా కలిపినట్టు రెండుసార్లు ఊపు. ఒంటికి విభూతి రాసినట్టు పల్చగా అంటితే చాలు, ముద్ద కట్టకూడదు. వెంటనే వెయ్, ఆలస్యమైతే అవి పౌడర్‌ని తుడుచుకుంటాయి. పావుగంటలో తినకపోతే బయటికి తీసెయ్, రాత్రంతా వదిలితే గెకోనే కొరుకుతాయి. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరం దాటకూడదు. వేసే ముందు రోజు ఆ పురుగులకి క్యారెట్టూ ఆకుకూరా పెట్టు, వాటి కడుపులో ఉన్నదే దీని కడుపులోకి వెళ్తుంది. పెద్దదానికి రెండు మూడు రోజులకొకసారి మేత చాలు, పిల్లయితే రోజూ.

ఇంకొకటి, బయట పట్టిన పురుగులు వద్దు, మందు కొట్టినవి ఉంటాయి. వేసవిలో అక్కడ మిణుగురులు బోలెడు కనిపిస్తాయి, చిన్నప్పుడు మనం సీసాలో పట్టుకున్నట్టే పట్టబుద్ధేస్తుంది, కానీ అక్కడి మిణుగురుల్లో ఉండే విషానికి ఒక్కటి తిన్నా బల్లులు చచ్చిపోతాయి.

బొబ్బిలి నుంచి, ఇప్పుడు లీడ్స్:

అన్నయ్య అంతా వివరంగా చెప్పారు, నేను ఒక్కటి కలుపుతాను. ముందు అది లెపర్డ్ గెకోనే అని చూసుకో బాబూ. దానికి కంటిరెప్పలుంటాయి, మూసి తెరుస్తుంది, గాజు మీద ఎక్కలేదు, తోక లావుగా ఉంటుంది. నా దగ్గరున్నది క్రెస్టెడ్ గెకో, న్యూ కాలెడోనియా దీవులది, దానికి రెప్పల్లేవు, గాజు మీద పాకుతుంది. దానికి 72 నుంచి 78 చాలు, 82 దాటితే ప్రాణం మీదకొస్తుంది. నా స్నేహితురాలు ఒకావిడ లెపర్డ్ లెక్కలు చదివి క్రెస్టెడ్‌కి పెట్టబోతే నేనే ఆపాను.

కరెంటు సంగతి కూడా ఆలోచించుకో. నీది పలాస కాబట్టి 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఉద్దానంలో ఎన్నాళ్ళు చీకట్లో ఉన్నారో నేను చెప్పక్కర్లేదు. అక్కడ మంచు తుపానుకి అలాగే పోతుంది. గాలి ఆడేలా చూసి ట్యాంకుకి దుప్పటి చుట్టు, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి ఒక చివర లోపల పెట్టు, మళ్ళీ వేడి వచ్చేదాకా మేత వేయకు. పెద్దది ఒక రోజు చలికి తట్టుకుంటుంది, కడుపు నిండా మేత ఉంటేనే కష్టం.

అమ్మకి ఇలా చెప్పు. దీని చుట్టమే మన తూర్పు కనుమల్లో ఉంది, ఆంధ్రా ఒడిశా అడవుల్లో తిరిగే ఆ జాతికి 2022లో శాస్త్రవేత్తలు యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. ఇలాంటి చారల బల్లి కనబడితే విషముందని కొట్టి చంపేస్తారు, కానీ గెకోల్లో విషమున్నది ఒక్కటీ లేదు. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటావని మాత్రం మాటివ్వు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది, వంట సింకులో దాని గిన్నెలు కడగకు.

పలాస నుంచి:

అన్నా, అప్పా, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. లెపర్డే, రెప్పలున్నాయి. మ్యాట్ ప్లగ్ తీసేముందు గన్ తెచ్చి కొలిస్తే 109 ఉంది, నాకు చేతులు వణికాయి. పొట్ట చూశాను, కాలలేదు, అందుకే పాపం మూలకి వెళ్ళి పడుకుంటోందేమో. నిన్న థర్మోస్టాట్ పెట్టాను, ఇప్పుడు 91 మీద నిలబడింది. రాత్రి మొదటిసారి వేడి గూట్లోకి వెళ్ళి పడుకుంది. ఒక ముందు కాలి వేళ్ళ చుట్టూ తెల్లగా దారంలా ఏదో ఉంది, లాగొచ్చా?

విజయనగరం నుంచి:

లాగకు తమ్ముడూ. అది పాత కుబుసం, వేలికి బిగుసుకుని రక్తం ఆగితే వేలే ఊడిపోతుంది, కాబట్టి వదిలేయనూ కూడదు. ఒక డబ్బాలో దాని వేళ్ళు మునిగేంత మాత్రమే గోరువెచ్చటి నీళ్ళు పోసి, మూతకి కన్నాలుండాలి, పావుగంట నిలబెట్టి, తడి చెవిపుల్లతో వేలి మొదలు నుంచి కొస వైపు మెల్లగా రుద్దు. రాకపోతే రేపు మళ్ళీ చెయ్. ఎత్తేటప్పుడు తోక పట్టుకోకు, తెంచుకుంటుంది, అరచెయ్యి పొట్ట కింద పెట్టు. వేలు నల్లబడినా వాచినా సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, ఎలాగూ వెళ్తావు కాబట్టి తాజా రెట్ట కూడా డబ్బాలో పట్టుకెళ్తే పురుగుల పరీక్ష చేస్తారు.

వంటింటి త్రాసు మీద డబ్బా పెట్టి దాని బరువు ఇవాళ చూసి రాసుకో, వారానికొకసారి చూడు. చోటు మారాక వారం పది రోజులు తినకపోయినా తోక లావుగా ఉంటే కంగారక్కర్లేదు, బరువు పదో వంతు తగ్గినా తోక సన్నబడినా ఆగకు. రెండు రోజులు 91 నిలకడగా ఉన్నాక, పొద్దు గూకిన తర్వాత, ఒక్క కీచురాయికి పౌడర్ పట్టించి వేసి చూడు, తిన్నదో లేదో ఇక్కడ చెప్పు.