సందేశం ఉన్న నవలలు: మీకు ఏది అందింది, ఏది అడ్డొచ్చింది?

గోదారిగట్టు:
ఈమధ్య ‘మాలపల్లి’ మళ్లీ చదివాను. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండగా రాసిన నవల. 1922లో అచ్చయింది, ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. భూస్వామి చౌదరయ్య దెబ్బకు కొడుకు సంగదాసు ప్రాణం పోతే, తండ్రి రామదాసు పగ పట్టడు, వేదాంతంలో ఓదార్పు వెతుక్కుంటాడు. అక్కడికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. రచయిత మొగ్గు తండ్రి వైపే అని తెలుస్తూనే ఉంటుంది, అయినా జగ్గడిని తీసిపారేయలేదు. ఆ ఇద్దరి మధ్య నలిగేది చదివే మనమే. ఉపన్యాసాలు మొదలైతే మాత్రం నేను పేజీలు తిప్పేస్తాను. మీ సంగతి చెప్పండి.

చాక్‌పీసు:
పేజీలు తిప్పేస్తే ఎలాగండీ? పత్రికలు నలుగురికీ అందని రోజుల్లో నవలే పత్రిక, నవలే బహిరంగ సభ. వీరేశలింగం గారు 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టింది కాలక్షేపానికి కాదు కదా. అందులో బంగారం చేసే విద్య తెలుసంటూ ఒక బైరాగి వస్తాడు. ధవళేశ్వరం రాజశేఖరుడి ఇంట్లో ఉన్న బంగారం, వెండి కాస్తా పట్టుకుని ఉడాయిస్తాడు. ఆ భాగం తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. భాష కొరుకుడు పడక సగంమంది కునుకు తీస్తున్నారు. బైరాగి మాయం కాగానే వెనక బెంచీ నుంచి ఒకడు, “సార్, మా బాబాయికి ఫోనులో లింకు పంపినవాడు కూడా ఇంతే” అన్నాడు. ఇక పాఠం నా చేతుల్లో లేదు. ఎవరింట్లో ఎంత పోయిందో గంట కొట్టేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు.

పెరటిజామ:
నా అనుభవం వేరు. మా అత్తగారు రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’ చదువుతూ పడీపడీ నవ్వేవారు. అందులోని భార్యాభర్తలు విమల, బుచ్చిబాబుల గిల్లికజ్జాలు మా మామగారికి కూడా చదివి వినిపించేవారు, ఆయనా నవ్వేవారు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన కూర్చున్నచోటి నుంచే మంచినీళ్లు అడిగితే, “బిందె మీ పక్కనే ఉంది” అన్నారు అత్తగారు. అంతే, ఇల్లు చడీచప్పుడు లేదు. ఆయన లేచి ముంచుకున్నారు. మరి అదే రచయిత్రి కులాంతర వివాహం గురించి రాసిన ‘బలిపీఠం’ చదివి ఆవిడ కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ మా ఆడపడుచు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు నెల రోజులు ముఖం చూడలేదు. ఏడిపించిన నవల కన్నా నవ్వించిన నవలే ఆవిడ మీద ఎక్కువ పనిచేసిందని నా లెక్క.

ఇందూరు పాఠకుడు:
మా తెలంగాణ వైపు నుంచి ఒక మాట. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ నవలను శిల్పం గురించి పొగిడేవాళ్లు తక్కువే. కథానాయకుడు కంఠీరవం మరీ మచ్చలేని మనిషి, నాకూ కాస్త అతిగానే తోచింది. అయితే వెట్టి గురించి రాసిన పుటలు మా నాయనమ్మకు చదివి వినిపిస్తే, ఆమె పుస్తకాన్ని పక్కన పెట్టించి, తన తండ్రి దొర గడిలో చేసిన చాకిరీ చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు ఎన్నడూ నోరు విప్పలేదు. ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అలాంటాయన నవలలో కథ ఎంత, ప్రచారం ఎంత అని తూకం వేయడానికి నాకు మనసొప్పదు.

గోదారిగట్టు:
చాక్‌పీసు గారూ, మీ క్లాసులో పనిచేసింది బైరాగి. వీరేశలింగం గారి నీతివాక్యాలు కాదు. నేననేదీ అదే. ఇందూరు గారూ, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ చూడండి. తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. ఉపన్యాసం చెప్పేవాడు లేడు, వినేవాడు లేడు. ఆకలి, చీకటి, నక్కలు. చదివాక రెండు రోజులు మరో పుస్తకం ముట్టుకోలేదు.

చాక్‌పీసు:
ఒప్పుకోను. నీతివాక్యం లేకపోతే ఆ బైరాగి ఉత్త దొంగ, అంతే. కేశవరెడ్డి నవల మాత్రం పదో తరగతి పిల్లల చేత చదివించాలని ఉంది.

పెరటిజామ:
చదివించండి. కానీ పరీక్షలో “ఈ నవల ద్వారా రచయిత ఇచ్చిన సందేశమేమి?” అని మాత్రం అడగకండి. నాలుగు మార్కులకు గైడులో జవాబు వచ్చేస్తుంది, నవల ఇక ఎవరూ తెరవరు.