చర్చ: తుపాకీ ఉండీ పేల్చనివాడు హీరో ఎలా అవుతాడు?

సెకండ్‌షో:
జపనీస్ జాంబీ సినిమా ‘ఐ యామ్ ఎ హీరో’ (2016, దర్శకుడు షిన్సుకే సాతో) ఇప్పుడే చూశాను. స్పాయిలర్లు ఉన్నాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. కథానాయకుడు హిదెయోకి 35 ఏళ్లు, మాంగా (జపనీస్ కామిక్స్) ఆర్టిస్టు దగ్గర అసిస్టెంటు. చుట్టూ జనం జాంబీలైపోతున్నారు, భుజాన లైసెన్సున్న షాట్‌గన్ ఉంది. అయినా చివరిదాకా పేల్చడు. చట్టం ఒప్పుకోదట! నా లెక్కలో పిరికివాడే.

మాంగాపిచ్చి:
జపాన్‌లో ఆ లైసెన్సు ఊరికే రాదు బ్రో. రాతపరీక్ష, షూటింగ్ పరీక్ష, డాక్టర్ సర్టిఫికెట్, ఆపైన తుపాకీ దాచే లాకర్ సరిగ్గా ఉందో లేదో పోలీసుల తనిఖీ. హిదెయో సొంత మాంగా సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. జీవితంలో పద్ధతిగా నిలబెట్టుకున్నది ఈ లైసెన్సు ఒక్కటే. అసలు కథ కెంగో హనజావా మాంగా, 2009లో మొదలై 2017 దాకా నడిచింది. 2009లో 35 ఏళ్లంటే, 90లలో ఆర్థిక బుడగ పగిలాక కాలేజీ నుంచి బయటికొచ్చి, పక్కా ఉద్యోగాలు దొరక్క కాంట్రాక్టు పనులతో నెట్టుకొచ్చిన తరం. రూల్స్ పాటిస్తే ఎవరో ఒకరు గుర్తిస్తారనుకున్నవాళ్లు. సినిమాలో జాంబీలు కూడా బతికున్నప్పటి అలవాట్లే తిరగేస్తుంటాయి కదా, హైజంప్ ఆటగాడు చచ్చాక కూడా ఎగురుతూనే ఉంటాడు. హిదెయో బతికుండగానే అలా తయారయ్యాడు. అందుకే అతను ట్రిగ్గర్ నొక్కడం నాకు పెద్ద విషయం.

సెకండ్‌షో:
బాగానే ఉంది. కానీ ఈ లోపు ఎంతమంది పోయారు?

గోదారిగట్టు:
ఫుజి పర్వతం దగ్గరి అవుట్‌లెట్ మాల్ చూడండి. పైకప్పు మీద బతుకుతున్నవాళ్లకి ఒక లీడరు, తిండి కోసం ఎవరు కిందికి దిగాలో అతనే చెప్తాడు. హిదెయో తుపాకీ కనబడగానే లాక్కున్నారు, ఇక దాని కోసం వాళ్లలో వాళ్లకే తగువు. పేల్చడానికి వెనకాడని ఆ బ్యాచ్‌ని హీరోలందామా?
నాకైతే హిదెయో లాకర్‌లో దూరే సీనే సినిమా మొత్తానికి ప్రాణం. లోపల దాక్కుని, తలుపు తీస్తే ఎలా చస్తానో మళ్లీ మళ్లీ ఊహించుకుంటాడు. ఎలివేషన్ లేదు, బీజీఎం లేదు, వణుకుతూనే బయటికొస్తాడు.

మిరపకాయ్‌బజ్జీ:
రోలెక్స్ వాచీలు వరసగా చేతులకి కట్టుకుని కాట్లు తప్పించుకోవడం ఎవరూ చెప్పరేం? 😄
సరే, సీరియస్‌గా. హిదెయోని ముందు కాపాడింది స్కూలు పిల్ల హిరోమి. సగం జాంబీ, అందరికన్నా బలం ఆమెకే. మాల్‌కి చేరాక ఆమెని దాదాపు మంచానికే పరిమితం చేశారు. నర్సు యాబు పేషెంట్లని వదిలేసి వచ్చిన బాధ మోస్తోంది, దానికీ రెండు మాటలే దక్కాయి. వాళ్లిద్దరినీ పక్కన పెడితేనే హిదెయోకి కాపాడే ఛాన్సు వచ్చింది. పిరికా, ధైర్యమా అని కొట్టుకుంటున్నారు, దీనికేమంటారు?

మాంగాపిచ్చి:
హిరోమి విషయంలో ఒప్పుకుంటాను. యాబు విషయంలో కాదు, చివర్లో బండి నడిపేది ఎవరో ఇంకోసారి చూడండి.