పేరు ఎవరిది, సంతకం ఎవరిది: మహిళా వ్యాపార సదస్సు సన్నాహాలు

సదస్సు సమన్వయకర్త, సెప్టెంబరు 7, 2025

మన తెలుగు సంఘం స్వచ్ఛంద సేవకులందరికీ నమస్కారం. బతుకమ్మ, దసరా, దీపావళి పనులతో మనమందరం తలమునకలుగా ఉన్న మాట నిజమే గాని, ఆ తరువాత జరుపవలసిన మహిళా వ్యాపార సదస్సు గురించి ఇప్పుడే మాట్లాడుకోకపోతే హాలు దొరకదు కనుక ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. అక్టోబరు 25, శనివారం, ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో జరుపుదామని నా ప్రతిపాదన. ఈ తేదీ ఊరికే ఎంచుకున్నది కాదు. అమెరికా మహిళా వ్యాపార యాజమాన్య చట్టంపై 1988లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసినది అక్టోబరు 25ననే. అంతకుముందు కొన్ని రాష్ట్రాలలో స్త్రీ తన వ్యాపారానికి అప్పు తెచ్చుకోవాలంటే భర్తో, తండ్రో, అన్నదమ్ముడో, ఎవరో ఒక మగవారు పక్కన సంతకం చేయవలసి వచ్చేది. మన సంఘంలోని చాలామంది ఆడపడుచులు అప్పటికే పుట్టి ఉన్నారు. అంత దగ్గరి చరిత్ర అది.

మార్చి నెలలో మనం ఏటా జరిపే మహిళా దినోత్సవం తీరు మీకందరికీ తెలిసినదే. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా, జ్ఞాపిక, భోజనం. వచ్చినవారు సంతోషంగానే వెళ్తారు, కాని మరునాడు వారి వ్యాపారంలో ఏమీ మారదు. విజయవాడలో పుట్టి, మోటొరోలాలోను, సిస్కోలోను ముఖ్య సాంకేతికాధికారిగా పనిచేసిన పద్మశ్రీ వారియర్ గారివంటి వారి జీవితం మన పిల్లలకు తప్పక చెప్పవలసినదే. అయితే ఈ సదస్సుకు వచ్చేవారు ఇంటి వంటగదిలో కేటరింగ్ మొదలుపెట్టినవారు, డేకేర్ నడిపేవారు, చీరలు తెప్పించి అమ్మేవారు, ఇతర కంపెనీలకు ఐటీ ఉద్యోగులను సమకూర్చే స్టాఫింగ్ సంస్థలకు కాగితం మీద అధ్యక్షురాళ్లు. వారు ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడి నుండే మన మాట మొదలు కావాలి.

మొదటిది అప్పు. చిన్న వ్యాపారాలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ (ఎస్‌బీఏ) హామీతో బ్యాంకులు ఇచ్చే రుణాలలో, 20 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న ప్రతివారూ స్వయంగా పూచీ ఉండాలి. లింగాన్ని బట్టి, వివాహస్థితిని బట్టి అప్పు నిరాకరించరాదని 1974 చట్టం చెబుతున్నది. అయినా టెక్సాస్‌లో వివాహానంతరం సంపాదించిన ఆస్తి సాధారణంగా దంపతులిద్దరి ఉమ్మడి ఆస్తి కావడం వలన, బ్యాంకు భర్త సంతకం ఎప్పుడు అడగవచ్చు, ఎప్పుడు అడగకూడదు అన్నది మన వారిలో చాలామందికి తెలియదు. ఒక న్యాయవాదిని పిలిచి, ఉపన్యాసం లేకుండా, ఈ ఒక్క విషయం మీదనే అరగంట ప్రశ్నలకు సమాధానాలు చెప్పించుదాం.

రెండవది వీసా. హెచ్-1బీ ఉద్యోగ వీసాపై వచ్చినవారి భార్యాభర్తలకు ఇచ్చే హెచ్-4పై ఉన్నవారికి 2015 మే 26 వరకు పని అనుమతి అన్న మాటే లేదు. ఆ తరువాత కూడా, భర్త ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం వేసే దరఖాస్తు, ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆయన హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపు పొంది ఉండాలి. కొత్త పని అనుమతి కార్డు రాకముందే పాత కార్డు గడువు తీరిపోతే ఉద్యోగి ఇంట్లో కూర్చుంటుంది. కాని తన సంస్థకు తానే యజమాని అయిన స్త్రీ తన దుకాణంలోనే పని ఆపివేయవలసిన స్థితి వస్తే, ఆమె కింద పనిచేసేవారికి జీతాల సంగతి ఎవరు చూస్తారు? దీనిని మనం ఎప్పుడూ నాయకత్వ సమస్యగా చూడలేదు. నా దృష్టిలో మన వారికి ఇంతకంటే పెద్ద నాయకత్వ సమస్య లేదు.

మూడవది ఉద్యోగాలలో ఉన్నవారి సంగతి. మెకిన్సీ సలహా సంస్థ, మహిళల కోసం పనిచేసే లీన్ ఇన్ సంస్థ కలిసి 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, మొదటి మేనేజర్ పదవికి 100 మంది పురుషులు ఎదిగిన చోట స్త్రీలు 81 మందే ఎదిగారు. పైమెట్టు మాట తరువాత, మొదటి మెట్టు దగ్గరే వరుస పలుచబడుతోంది. దీనికి ఒక గంట చాలు.

నాలుగవ విషయం కొంచెం సున్నితమైనది. మహిళల సంస్థ అని ధ్రువపత్రం పొందాలంటే కనీసం 51 శాతం వాటా స్త్రీది కావడమే కాదు, నిర్వహణ కూడా ఆమె చేతిలో ఉండాలి. మన వారి సంస్థలలో వాటా భార్య పేరిట, నిర్ణయాలు భర్త చేతిలో ఉండడం ఎంత సాధారణమో మనకు తెలుసు. దీని గురించి వేదికపై మాట్లాడాలని కోరుతున్నాను.

ఆహార ఏర్పాట్ల బాధ్యురాలు, సెప్టెంబరు 8

వదినగారూ, విషయాలన్నీ చాలా బాగున్నాయి, కాని తేదీ కుదరదు. అక్టోబరు 25 నాగుల చవితి. తెల్లవారుఝామునే స్నానాలు చేసి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు సిద్ధం చేసుకుని, గుడిలో పాలు పోసి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. చాలామందికి ఆ రోజు ఉపవాసం. వ్యాపారం చేసే ఆడవాళ్ల కోసం పెట్టిన సదస్సు, ఆడవాళ్లకు తీరిక లేని రోజునే పెట్టామంటే మన ఉద్దేశం ఎంత మంచిదైనా హాలు సగం ఖాళీగా ఉంటుంది. మరుసటి వారం ఏకాదశి కూడా ఉన్నది. కార్తిక పౌర్ణమి నవంబరు 5న వస్తున్నది కనుక, నవంబరు 8, శనివారం అనుకూలమని నా అభిప్రాయం.

ఇంకొక మాట. భోజనాల ఆర్డరు మన మహిళలకే ఇద్దామని అందరూ అంటున్నారు, మంచిదే. అయితే మనవాళ్లే కదా అని వెల తగ్గించమని అడగవద్దని ముందే తీర్మానించుకోవాలి. పోయినసారి ఒక చెల్లెలు 120 మందికి పులిహోర, గుత్తివంకాయ, చక్కెర పొంగలి చేసి తెచ్చింది. సరుకుల ఖర్చు మాత్రమే తీసుకోమని మనమే అన్నాం. ఆమె తెల్లవారుఝామున మూడు గంటల నుండి నిలబడి చేసిన పనికి ఏ లెక్కా లేకపోయింది.

ప్రాయోజకుల బాధ్యుడు, సెప్టెంబరు 9

అక్కయ్యా, నాలుగవ విషయం గురించి నా సందేహాన్ని దాచకుండా చెబుతున్నాను. మన సంఘానికి విరాళాలిచ్చే సంస్థలలో స్టాఫింగ్ సంస్థలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి మహిళా సంస్థ ధ్రువపత్రాలు ఉన్నాయి. “నిజంగా నడిపేది ఎవరు?” అని వేదికపై అడిగితే, దానిని వారు తమపై నిందగా భావించవచ్చు. ఏళ్ల తరబడి మన ఉగాదికి, సంక్రాంతికి అండగా నిలిచిన కుటుంబాలవి. వారిని నొప్పించకుండా ఈ విషయం చెప్పే మార్గం ఏదైనా ఉన్నదా అని ఆలోచించమని కోరుతున్నాను.

సదస్సు సమన్వయకర్త, సెప్టెంబరు 10

తమ్ముడూ, నీ సందేహం న్యాయమైనదే. ఎవరినీ వేలెత్తి చూపకుండా, నా సంగతే చెప్పి మొదలుపెడతాను. మిగిలినవారు మాట్లాడాలో వద్దో వారి ఇష్టం.

మా సంస్థ 2012లో మొదలైంది. 51 శాతం వాటా నాది, అధ్యక్షురాలినీ నేనే. మొదటి రుణం కోసం ఒక బ్యాంకుకు వెళ్లినప్పుడు, అధికారి గంటసేపు మావారి ముఖంలోకే చూసి మాట్లాడారు. చివరకు కాగితాల కట్టను నా వైపు తిప్పి, పసుపురంగు చీటీలు అంటించిన చోటల్లా సంతకం పెట్టమని కలం నా చేతికిచ్చారు. పదిహేడు సంతకాలు. ఆ రోజు కలిగిన అవమానాన్ని చాలా ఏళ్లు ఆ అధికారి ఖాతాలోనే వేసుకున్నాను. తరువాత ధ్రువపత్రం కోసం తనిఖీకి వచ్చినావిడ చాలా మర్యాదగా, నా వైపే చూసి, రెండు ప్రశ్నలు వేశారు. మీకు డబ్బు ఆలస్యంగా చెల్లించే ఖాతాదారు ఎవరు? ఈ నెల జీతాలకు ఎంత కావాలి? నేను మావారి వైపు చూశాను. ఆ సాయంత్రమే మా దరఖాస్తును మేమే వెనక్కు తీసుకున్నాం.

ఆ తరువాత నాలుగేళ్లు నేను జీతాల లెక్క, పన్నులు, ఒప్పందాలలోని షరతులు ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. మావారు నాకు అడ్డు చెప్పలేదు, అలాగని తనంతట తాను అప్పగించనూ లేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలుండగా, ఎవరికి ఏది తెలిస్తే వారే ఆ పని చేసుకుపోయాం. అలా చేసుకుపోవడంలోనే సంస్థ ఆయనదై, సంతకం నాదై మిగిలింది. ఎవరి దుర్మార్గమూ లేకుండానే ఇలా జరుగుతుంది. వేదికపై చెప్పవలసినది ఈ సంగతే. పూచీ సంతకం చేసిన స్త్రీ, రేపు సంస్థ నష్టపోతే ఆ అప్పుకు బాధ్యురాలు. తనకు తెలియని సంస్థకు తన ఇంటిని, తన భవిష్యత్తును పూచీ పెడుతున్నది. నిందగా కాక రక్షణగా చెబితే, మన దాతల ఇళ్లలోని ఆడవారే ముందు వరుసలో కూర్చుంటారని నా నమ్మకం. వారికి నేను స్వయంగా ఫోను చేసి చెబుతాను, ఆ బాధ్యత నీమీద పెట్టను.

సీనియర్ సభ్యురాలు, సెప్టెంబరు 11

అమ్మాయీ, నీవు వ్రాసినది చదివిన తరువాత నేనూ ఒక మాట చెప్పాలనిపించింది. మాది గుంటూరు జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు కల్పించిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అటువంటి చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. కాని మన చట్టం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు మాత్రమే. నా పెళ్లి 1984లో జరిగింది. మా చెల్లెలికి 1987లో. ఒకే తల్లి కడుపున పుట్టినా ఆమెకు వాటా వచ్చింది, నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం మిగిలింది. 2005 నాటికి మా ఇంట పంపకాలు ఎప్పుడో అయిపోయాయి.

ఆ ఎకరం అమ్మిన డబ్బుతోనే ఇక్కడ మా కిరాణా దుకాణం మొదలైంది. దుకాణం ఎవరి పేరిట పెట్టాలన్న ప్రశ్న కూడా అప్పుడు రాలేదు, మీ బాబాయిగారి పేరిట పెట్టాం. నాకు ఆయన మీద ఏ ఫిర్యాదూ లేదు. అయితే దుకాణాన్ని విస్తరించడానికి ఆయన పోయిన తరువాత నేను అప్పుకు వెళ్లినప్పుడు, ఇరవై రెండేళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాకు వ్యాపారానుభవం ఉన్నట్లు చూపే కాగితం ఒక్కటీ లేదు. మన పిల్లలకు ఈ విషయం చెప్పడానికి పది నిమిషాలు ఇస్తే వచ్చి కూర్చుంటాను. శాలువా మాత్రం వద్దు.

యువజన విభాగం, సెప్టెంబరు 11

పిన్నిగారూ, పది నిమిషాలు కాదు, అరగంట తీసుకోండి. మా వైపు నుండి ఒక సాధన శిబిరం ప్రతిపాదిస్తున్నాం. న్యూయార్క్‌లో జరిగిన ఒక స్టార్టప్ పోటీలోని ప్రశ్నోత్తరాలను డానా కాంజ్, ఆమె సహ పరిశోధకులు విశ్లేషించగా, పురుషులకు వేసిన ప్రశ్నలలో 67 శాతం ఎదుగుదల గురించి, స్త్రీలకు వేసిన ప్రశ్నలలో 66 శాతం నష్టాన్ని ఎలా తప్పించుకుంటారన్న దాని గురించి ఉన్నట్లు తేలింది. అతనిని “ఎంతమంది ఖాతాదారులను సంపాదిస్తారు?” అని అడిగితే, ఆమెను “ఉన్నవారిని ఎలా నిలుపుకొంటారు?” అని అడుగుతారు. రెండవరకం ప్రశ్నకు కూడా ఎదుగుదల గురించే సమాధానం చెప్పినవారికి ఎక్కువ పెట్టుబడి లభించింది. దీనిని చదివి వినిపిస్తే సరిపోదు, నోటికి అలవాటు కావాలి. నలుగురేసి కూర్చుని, ఒకరు బ్యాంకు అధికారిగా ప్రశ్నలు వేయగా, మరొకరు తన సొంత వ్యాపారం గురించి తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి సమాధానం చెప్పేలా ఏర్పాటు చేస్తాం. తెలుగులో గలగలా చెప్పగలిగిన వారు ఇంగ్లీషులోకి రాగానే గొంతు తగ్గించుకోవడం మేము మా అమ్మల దగ్గరే చూశాం.

సదస్సు సమన్వయకర్త, సెప్టెంబరు 14

అందరి సూచనలతో నిర్ణయాలు ఇలా ఉన్నాయి. సదస్సు నవంబరు 8న జరుగుతుంది. ఉదయం న్యాయవాదితో అప్పు, వీసా ప్రశ్నలు. ఆ తరువాత పిన్నిగారు, నేను. భోజనానంతరం యువజన విభాగపు సాధన, దానితోపాటే మేనేజర్ పదవుల చర్చ. మొదట గంట చాలని నేను అనుకున్న ఆ చర్చను తగ్గించి, సాధనకు రెండు గంటలు ఇస్తున్నాను. భోజనాలకు పూర్తి ధర, శ్రమతో సహా, ముందుగానే సగం చెల్లిస్తాం.

పిల్లల గది ఇంకా మిగిలి ఉన్నది. ప్రతి కార్యక్రమంలోనూ పిల్లలను చూసుకునే గది ఆడవారికే అప్పగిస్తున్నాం. ఈసారి ఆ గది బాధ్యత పూర్తిగా మగవారిదే కావాలి. ఉదయం 9:30 నుండి సాయంత్రం 4 వరకు ఎనిమిది మంది, రెండు విడతలుగా కావాలి. ఇప్పటికి ఇద్దరే పేర్లిచ్చారు, అందులో ఒకరు మావారు. ప్రాయోజకుల బాధ్యుడైన తమ్ముడు మరో నలుగురిని ఒప్పిస్తానన్నాడు, అతనికి నా ధన్యవాదాలు.

చివరగా, నమోదు పత్రం ముసాయిదాలో “భర్త పేరు” అనే గడి పాత పత్రం నుండి అలాగే వచ్చింది. దయచేసి దానిని తొలగించి, ఆ స్థానంలో “సంస్థ పేరు, మీ హోదా” అని పెట్టండి. సరిచేసిన పత్రం శుక్రవారం సాయంత్రానికి నాకు అందితే, బతుకమ్మ సంబరాల దగ్గరే పంచవచ్చు.