లిమిటర్ నల్ టెస్ట్‌లో హై ఫ్రీక్వెన్సీలు మిగులుతున్నాయి: ఫిల్టర్ ఫేజా, లేటెన్సీయా?

ఒక లిమిటర్ (శబ్దం లెవెల్ ఒక హద్దు దాటకుండా ఆపేది) ప్లగిన్ బీటా పరీక్షిస్తున్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మిక్స్. థ్రెషోల్డ్ (లిమిటర్ పని మొదలుపెట్టే హద్దు) తగలకుండా లెవెల్ తగ్గించి, ఒరిజినల్‌కి ఫేజ్ తిప్పి కలిపితే పూర్తి నిశ్శబ్దం రావాలి, ఇదే నల్ టెస్ట్. ఓవర్‌శాంప్లింగ్ (ప్లగిన్ లోపల శాంపిల్ రేటు పెంచి పనిచేయడం) ఆపితే వస్తోంది. 4 రెట్లు పెట్టగానే తాళాల (సింబల్స్) చివరి ‘స్స్’ సన్నగా మిగులుతోంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువగా. ట్రాక్‌ని ఒక శాంపిల్ అటూ ఇటూ జరిపితే ఇంకా పెరుగుతోంది.

మినిమమ్ ఫేజ్ ఫిల్టరైనా (ఫ్రీక్వెన్సీని బట్టి ఆలస్యం మారేది), హోస్ట్‌కి (ప్లగిన్‌ని నడిపే ప్రోగ్రామ్‌కి) చెప్పని అర శాంపిల్‌ లోపు ఆలస్యమైనా (లేటెన్సీ) దాదాపు ఇలాగే కనిపిస్తాయి కదా. రెండిటినీ వేరు చేసేదెలా? ఒకే శాంపిల్ ఇంపల్స్ (క్షణకాలపు ‘టక్’) పంపి, వచ్చిన ఆకారం రెండువైపులా సమానంగా ఉందో లేదో చూస్తే చాలా? డెవలపర్‌కి ఏ ఫైళ్లు పంపాలి?

ఇంకొకటి: రిలీజ్ (తగ్గించిన లెవెల్ మళ్లీ మామూలుకి వచ్చే సమయం) 10 మిల్లీసెకన్లకి తగ్గిస్తే 50 హెర్ట్జ్ బేస్ గరగరలాడుతోంది. ఆ నోటు ఒక చుట్టుకే 20 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, చుట్టు మధ్యలోనే లెవెల్ మారి అలా వినిపించడం సహజమే. దాన్ని లోపంగా రాయడం న్యాయమేనా?